ఎడమకాలి రాత

తిరుమల పైకి వెళ్లే రెండో ఘాట్ రోడ్డులో సగం దూరం ఎక్కామో లేదో, మా మారుతి 800 అరవడం మొదలుపెట్టింది. ఇంజన్ గోల పెరుగుతోంది, బండి మాత్రం పాకుతోంది. యాక్సిలేటర్ ఎంత తొక్కితే అంత కేక. కాసేపటికి వెంట్రుకలు కాలినట్టు ఒక వాసన లోపలికి వచ్చింది. వెనక సీట్లోంచి మా అమ్మ, "ఎవరో టైరు తగలబెడుతున్నార్రా" అంది. టైరు కాదు. ఏడుకొండలవాడికి తలనీలాలు ఇద్దామని నేను బయల్దేరితే, నాకంటే ముందు నా క్లచ్ ప్లేటు మొక్కు చెల్లించేసుకుంది.

ఒక మలుపు దాటాక పక్కకి ఆపి అరగంట చల్లారనిచ్చాం. తర్వాత ఫస్ట్ గేర్లో, ప్రాణాలు ఉగ్గబట్టుకుని పైకి చేరాం. దిగేటప్పుడు ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి విజయవాడ దాకా సుమారు 400 కిలోమీటర్లు, యాక్సిలేటర్‌కీ కాలికీ మధ్య కోడిగుడ్డు ఉన్నట్టు నడిపాను. పక్క వీధి మేస్త్రీ బండిని సందు చివరిదాకా ఒక్కసారి తిప్పి తెచ్చి, తాళాలు చేతిలో పెట్టి, "క్లచ్ అయిపోయింది మాస్టారూ. గేర్‌బాక్స్ దించాలి" అన్నాడు.

డాక్టరు నోట "కోయాలి" అన్న మాట ఎలా వినిపిస్తుందో నాకు ఆ "దించాలి" అలా వినిపించింది. వేసవి సెలవులు. బడి లేదు. లెక్కలు చెప్పేవాడిని కాబట్టి వరస తప్పకుండా పని చేయగలనన్న గర్వం ఒకటి. "నేనే దించుకుంటాను, నువ్వు చూసి పెడతావా?" అని అడిగాను. నవ్వాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు. "పానా పట్టేది మీరే. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటా. చెయ్యి మాత్రం పెట్టను."

డబ్బు మిగులుతుందని కాదు అంటే అబద్ధం అవుతుంది. మిగిలింది కూడా. అయితే మేస్త్రీ, ఇంకో కుర్రాడు కలిస్తే ఒక్క పూటలో తేల్చేసే పనికి నాకు అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజుల కూలి లెక్క కడితే మిగులు ఎగిరిపోతుంది. కాబట్టి పొదుపు కోసమే ఈ పని పెట్టుకునేవారు ఈ అధ్యాయం దాటేయవచ్చు. పెరట్లో చదునైన సిమెంటు నేల లేనివాళ్లు, ఆదివారం సాయంత్రానికల్లా బండి కావలసినవాళ్లు, తోడుకి మరో మనిషి లేనివాళ్లు కూడా.

మొదలుపెట్టడానికి మారుతి 800 లాంటి బండి దొరకడం అదృష్టమే. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. ముప్పై ఏళ్లు తయారైన బండి కావడంతో దాని లోగుట్టు తెలియని మేస్త్రీ మన ఊళ్లలో లేడు, సామాను దొరకని దుకాణం లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, దాని పక్కనే బండికి ఎడమవైపు గేర్‌బాక్స్. బోనెట్ ఎత్తి ముందు నిలబడితే మీ కుడిచేతి వైపు అన్నమాట. క్లచ్‌కి నూనెతో నడిచే సిలిండర్లూ గొట్టాలూ లేవు, సైకిల్ బ్రేకుకి ఉన్నట్టు ఒక కేబుల్. నాది 1998 నాటి నాలుగు గేర్ల బండి. మీది వేరే బండి అయితే విప్పే వరస మారుతుంది. ఆ బండి సర్వీసు మాన్యువల్ సంపాదించకుండా చెయ్యి పెట్టవద్దు.

విప్పే ముందు లోపల ఏముందో కళ్లకు కట్టాలి. ఇంజన్ చివర బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది, అది ఫ్లైవీల్. దానికి బోల్టులతో బిగించిన మూత లాంటిది ప్రెషర్ ప్లేటు. రెండింటి మధ్యా క్లచ్ ప్లేటు. ప్రెషర్ ప్లేటులో ఉండే డయాఫ్రమ్ స్ప్రింగు ఆ ప్లేటుని ఫ్లైవీల్‌కేసి అదిమి పడుతుంది. ప్లేటు నడుమ పళ్లున్న రంధ్రంలోకి గేర్‌బాక్స్ నుంచి వచ్చిన షాఫ్టు దూరి ఉంటుంది. అదిమి ఉన్నంతసేపూ అన్నీ కలిసి తిరుగుతాయి, ఇంజన్ బలం చక్రాలకి చేరుతుంది. మీరు పెడల్ తొక్కితే కేబుల్ లాగుతుంది, ఫోర్కు కదులుతుంది, దాని కొసన ఉన్న రిలీజ్ బేరింగు వెళ్లి స్ప్రింగు వేళ్లని నొక్కుతుంది, పట్టు సడలుతుంది. తొక్కితే వదులుతుంది, వదిలితే పట్టుకుంటుంది. ఈ తలకిందుల సంగతి ఒక్కటి మనసులో పెట్టుకోండి, తర్వాత దీనితోనే పని ఉంది.

ఇక, నిజంగా దించాల్సిన జబ్బేనా? మా మేస్త్రీ మొదట చేసిన పని పెడల్‌ని వేలితో నొక్కి చూడటం. కేబుల్ క్లచ్‌కి పైన కాస్త ఖాళీ కదలిక ఉండాలి, దాన్నే ఫ్రీ ప్లే అంటారు. ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్లు బేరింగు వైపు జరుగుతాయి, పెడల్ మీది ఆ ఖాళీ తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోయిందంటే మీరు కాలు తీసేసినా బేరింగు స్ప్రింగుని నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు మంచి ప్లేటు కూడా జారుతుంది. కేబుల్ చివర నట్టు వదులు చేస్తే చాలు, నయం కావచ్చు. అయిదు నిమిషాల పని. అది చూడకుండా గేర్‌బాక్స్ దించినవాళ్లు ఉన్నారు.

నా బండిలో ఆ ఖాళీ సున్నా. నట్టు వదులు చేశాం. అయినా జారుతోంది. అప్పుడు రెండో పరీక్ష: హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, ఇంజన్ నడుస్తుండగా థర్డ్ గేర్ వేసి, క్లచ్ మెల్లగా వదిలి చూడాలి. పట్టు ఉంటే ఇంజన్ ఒక్క కుదుపుతో ఆగిపోవాలి. నాది ఆగలేదు, హాయిగా తిరుగుతూనే ఉంది. ఈ పరీక్ష ఒక్కసారే చేయండి. పదిమందికి చూపిస్తూ పదిసార్లు చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది.

జారడం కాకుండా వేరే బాధలు ఉంటాయి. పెడల్ పూర్తిగా తొక్కినా రివర్స్ గేరు కరకరమని పడుతుంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదన్నమాట. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటుంటే రిలీజ్ బేరింగు. పెడల్ వదిలినప్పుడు గుర్రుమని, తొక్కగానే మాయమవుతుంటే గేర్‌బాక్స్ లోపలి బేరింగు మీద అనుమానపడాలి. అది వేరే ఖర్చు. కదిలేటప్పుడు బండి గజగజ వణికితే ప్లేటుకి నూనె అంటి ఉండవచ్చు, లేదా ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చిరిగి ఉండవచ్చు. రబ్బరు సంగతి ముందు చూసుకోండి, చవక.

రోహిణి కార్తె ఎండలు. పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం వెలుతురున్నంతసేపు పని అని పెట్టుకున్నాం. మొదటి రోజంతా బండిని ఎత్తి నిలబెట్టడానికే సరిపోయింది. ఇందులో తొందర పనికిరాదు. జాకీ ఎత్తడానికి మాత్రమే, నిలబెట్టడానికి యాక్సిల్ స్టాండ్లు ఉండాలి. జాకీలో ఒక వాషరు నూనె వదిలేస్తే బండి ఎలాంటి హెచ్చరికా లేకుండా కిందికి వస్తుంది. ఇటుకలు పేర్చి నిలబెడదామని నేను అన్నాను. మేస్త్రీ ఒక ఇటుక తీసి గట్టు మీద నుంచి పడేశాడు, రెండు ముక్కలైంది. మాట్లాడలేదు. స్టాండ్లు అద్దెకు తెచ్చాను. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రాల నట్లు నేలమీద ఉండగానే వదులు చేసి, అప్పుడు ఎత్తాలి. స్టాండ్ల మీద కూర్చోబెట్టాక బండిని రెండు చేతులా పట్టి ఊపి చూడాలి. మీరు కింద లేనప్పుడే అది ఊగనివ్వండి.

బ్యాటరీ నెగెటివ్ తీగ తీశాం. సెల్ఫ్ మోటార్‌కి వచ్చే లావుపాటి తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పానా దానికీ బాడీకీ ఒకేసారి తగిలితే దీపావళే. తర్వాత గేర్ ఆయిల్. ఇక్కడ మేస్త్రీ నాకు నేర్పిన నియమం మీకూ చెబుతాను: కింద వదిలే ప్లగ్గు విప్పే ముందు, పక్కన నూనె పోసే ప్లగ్గు విప్పి చూడండి. పోసే ప్లగ్గు తుప్పుపట్టి రాకపోతే? నూనె లేని గేర్‌బాక్స్‌తో బండి పెరట్లోనే ఉండిపోతుంది. ఇది కార్లకే కాదని మా ఆవిడ అంది. ఇంకేం చెప్పలేదు.

విప్పిన బోల్టులు ఎక్కడ పెట్టాలి? పుస్తకాల్లో చెప్పేది అట్టముక్క మీద ఇంజన్ బొమ్మ గీసి, ఎక్కడివి అక్కడ గుచ్చమని. మంచి పద్ధతే. నేను ఇడ్లీ రేకులు తీసుకొచ్చాను. ఒక గుంటలో సెల్ఫ్ మోటార్ బోల్టులు, ఒక దానిలో గేర్ రాడ్డువి, మరో దానిలో బాల్ జాయింటువి. రేకుల వరస పని వరస ఒకటే, కాబట్టి ఎక్కించేటప్పుడు పైరేకు నుంచి కిందికి రావడమే. ఇంట్లో దీని వల్ల వచ్చిన పర్యవసానాల గురించి ఈ అధ్యాయంలో రాయను. కొత్త రేకులు కొన్నాను.

బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపేవాటిలో పొడుగువి, పొట్టివి ఉంటాయి. పొడుగుది పొట్టిదాని చోట పెడితే అడుగున తగిలి ఆగిపోతుంది. మీరు బిగుసుకుందనుకుంటారు, అది బిగుసుకోదు. లేదా అల్యూమినియంలో మర తెగుతుంది. అందుకే ఏ బోల్టు ఏ వైపుదో ఫోన్లో ఫొటో తీయండి, తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టండి.

రెండో రోజు క్లచ్ కేబుల్, మీటర్ కేబుల్, రివర్స్ లైటు తీగలు, కింద గేర్ రాడ్డు వచ్చేశాయి. సెల్ఫ్ మోటార్ దిగింది. ఇక డ్రైవ్ షాఫ్టులు, మా మేస్త్రీ భాషలో యాక్సిళ్లు. కింది ఆర్మ్ బాల్ జాయింటు బోల్టు తీసి, ఆర్మ్‌ని పలుగుతో కిందికి నొక్కితే చక్రం భాగం మొత్తం బయటికి జరుగుతుంది. అప్పుడు గేర్‌బాక్స్ పక్కన, షాఫ్టు లోపలి కప్పు దగ్గర వెడల్పాటి రాడ్డు దూర్చి ఒక్కసారి ఎత్తితే, లోపలున్న చిన్న రింగు తన గాడి వదిలి టక్కున వస్తుంది. షాఫ్టుని పట్టుకుని లాగకండి, రబ్బరు బూటు లోపల జాయింటు ఊడిపోతుంది. నేను లాగాను. ఊడలేదు. అదృష్టం. తీసిన షాఫ్టుల్ని వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాం.

గేర్‌బాక్స్ మోసే మౌంటింగ్ విప్పే ముందు ఇంజన్‌కి ఆసరా కావాలి, లేకపోతే అది ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ పలచటి రేకు. జాకీ తలని నేరుగా దానికి ఆనిస్తే సొట్టపోతుంది, మధ్యలో వెడల్పాటి చెక్కపలక పెట్టాలి. గేర్‌బాక్స్ కింద ఇంకో జాకీ. అంటే ఇప్పటికి రెండు స్టాండ్లు, రెండు జాకీలు, ఒక పలక, ఒక మాస్టారు బండి కింద ఉన్నాం.

చుట్టూ ఉన్న బోల్టులన్నీ తీశాను. రెండు చేతులా పట్టుకుని లాగాను. రాలేదు. పైన సందు కాస్త తెరుచుకుంది, కింద అంటుకునే ఉంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాను. అదీ లాభం లేదు. పలుగు అందుకున్నాను. అప్పుడు మేస్త్రీ కుర్చీలోంచే, "మాస్టారూ, అది మొండికేయలేదు. మీరే ఇంకా దేన్నో విప్పలేదు" అన్నాడు. పలుగు పక్కన పెట్టి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో కింది అంచు తుడిచాను. పన్నెండేళ్ల దుమ్మూ నూనే కలిసి అక్కడ తారులా గడ్డకట్టి ఉన్నాయి. ముద్ద ఊడి పడింది. దాని వెనక నింపాదిగా కూర్చుని ఒక నట్టు.

నేను తరగతిలో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పి ఉంటాను, లెక్క తేలకపోతే ఇచ్చిన వివరాల్లో ఏదో వాడలేదని. పలుగు చేతిలో ఉన్నప్పుడు నాకు గుర్తు రాలేదు. పలుగు పెట్టి ఎత్తి ఉంటే క్లచ్‌ని కప్పి ఉండే గేర్‌బాక్స్ గుల్ల, అంటే బెల్ హౌసింగ్ చెవి విరిగేది, అల్యూమినియం వంగదు కాబట్టి. అప్పుడు క్లచ్ పని కాస్తా గేర్‌బాక్స్ పని అయ్యేది. అందుకని ఎక్కడైనా మామూలు కంటే ఎక్కువ బలం పెట్టాల్సి వచ్చిందంటే, చెయ్యి ఆపి గుడ్డ అందుకోండి. తుప్పుపట్టిన బోల్టు అయితే తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లవారేసరికి సగం పని అదే చేసి పెడుతుంది.

ఆ నట్టు తీశాక గేర్‌బాక్స్ రెండు వేళ్ల దూరం జరిగింది. ఇక్కడ ఇంకో జాగ్రత్త. దాన్ని సమంగా, తిన్నగా పక్కకి లాగాలి, లోపలి షాఫ్టు ప్లేటు పళ్లలోంచి పూర్తిగా వచ్చేదాకా దాని బరువు షాఫ్టు మీద వేలాడకూడదు. వేలాడితే ప్లేటు నడిమి భాగం వంగుతుంది. షాఫ్టు బయటికి వచ్చాక జాకీని అంగుళం అంగుళం దించి, ఇద్దరం గోనెపట్టా మీదకి జరిపాం. చూడటానికి చిన్నదే, పట్టుకుంటే బియ్యం బస్తా. ఛాతీ మీద పెట్టుకుని దించే వీరులు ఉన్నారు, వాళ్లని ఆదర్శంగా తీసుకోకండి.

మూడో రోజు ఉదయం, కొత్త సామాను తెచ్చుకోక ముందే, నేను అసలు విషయం చదివాను.

బెల్ హౌసింగ్ లోపలంతా నల్లటి పొడి. దాన్ని గాలి కొట్టి ఊదవద్దు, నోటితో అసలే వద్దు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తుల్లో దిగితే తిరిగి రాదు. ముక్కుకి మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో మూటకట్టి పారేశాం. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కొక్కటీ పూర్తిగా విప్పకూడదు. ఎదురెదురుగా ఉన్నవి అర చుట్టు అర చుట్టు వదులు చేస్తూ పోవాలి, లోపలి స్ప్రింగు ఒత్తిడి అన్ని వైపులా సమంగా తగ్గాలి. చివరికి ప్రెషర్ ప్లేటు చేతిలోకి వచ్చింది, దాని వెనక క్లచ్ ప్లేటు.

ప్లేటు మీది రివెట్ల తలలు పైకి తేలి మెరుస్తున్నాయి. రివెట్ తల మీద ఫేసింగు, అంటే ఒరిపిడి పొర, కనీసం అర మిల్లీమీటరు మిగలకపోతే ప్లేటు మార్చాల్సిందే. నాదాంట్లో ఏమీ మిగల్లేదు. ఫ్లైవీల్ మీద నీలం రంగు మచ్చలు, సన్నటి వెంట్రుక పగుళ్లు. ఇది తిరుమల ఘాట్ రోడ్డు పని. అంతవరకూ నేను ఊహించిందే.

తర్వాత మేస్త్రీ కుర్చీ దిగి వచ్చి, ప్రెషర్ ప్లేటుని ఎండలోకి తిప్పి పట్టుకున్నాడు. "ఈ వేళ్లు చూడండి" అన్నాడు. స్ప్రింగు వేళ్ల కొసలు, బేరింగు ఆనే చోట, చుట్టూ గాడి పడి ఉన్నాయి. లోతుగా, అద్దంలా నునుపుగా. రిలీజ్ బేరింగు ముఖం కూడా అలాగే అరిగి, వేలితో తిప్పితే ఇసుక పోసినట్టు గరగరమంది. "క్లచ్ తొక్కినప్పుడే బేరింగుకి పని మాస్టారూ. మామూలుగా నడిపితే ఇంత అరగదు. మీరు ఎడమకాలు ఎక్కడ పెట్టుకుంటారు?"

క్లచ్ పెడల్ మీదే. నడిపేటప్పుడు, మాట్లాడేటప్పుడు, బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు, హైవేలో టాప్ గేర్లో పోతున్నప్పుడు కూడా. తొక్కేవాడిని కాదు, ఊరికే ఆనించేవాడిని. మా నాన్నగారి అంబాసిడర్ నడిపే రోజుల నుంచీ అలవాటు. ఆ ఆనించిన కాలి బరువుకే పెడల్ ఖాళీ కదలిక మాయమై, బేరింగు స్ప్రింగుని తాకి, పన్నెండేళ్లు ఆగకుండా తిరిగింది. స్ప్రింగు పట్టు రవ్వంత సడలి, ప్లేటు రవ్వంత జారి, రోజూ రవ్వంత కాలింది. ఘాట్ రోడ్డు కేవలం ఆఖరి మెతుకు. మిగతా కుండంతా నేనే తిన్నాను. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటుకీ ప్లేటులో సాక్ష్యం దొరికింది.

ఈ పుస్తకంలో అలవాట్ల గురించి ఇంతవరకూ చాలా రాశాను. డైరీ రాయమన్నాను, స్నేహితుణ్ణి అడగమన్నాను. కానీ మన అలవాటు మనకి కొలతలతో సహా కనిపించే సందర్భాలు తక్కువ. గోరుతో తడిమితే తగిలే లోతున్న ఆ గాడి నా ఎడమకాలు స్వహస్తాలతో, అంటే స్వపాదాలతో, రాసిన దస్తావేజు. ఏ వర్క్‌షాపులోనైనా ఇచ్చి ఉంటే సాయంత్రానికి కొత్త క్లచ్, బిల్లు చేతికొచ్చేవి. పాత ప్రెషర్ ప్లేటు గుజరీ కుప్పలో పడేది. కొత్త ప్లేటు మీద మళ్లీ అదే కాలు. అందుకే ఇంత కథ చెప్పాను. ఇంట్లో విప్పడం కుదరని వాళ్లు కనీసం ఆ పాత సామాను చూపించమని అడిగి, ఎండలోకి తెచ్చి చూసుకోండి. ఇప్పటిదాకా మీరెలా నడిపారో దాని మీద ఉంటుంది.

సామాను కోసం జవహర్ ఆటోనగర్ వెళ్లాం. క్లచ్ సెట్టు అంటే మూడు: ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు. ప్లేటు ఒక్కటే మారిస్తే డబ్బు కలిసొస్తుంది, ఏడాదిలో బేరింగు అరిచినప్పుడు గేర్‌బాక్స్ మళ్లీ దించాలి. పాతవి సంచిలో వేసుకుని వెళ్లండి. దుకాణంలోనే కొత్త ప్లేటు పాతదాని మీద పెట్టి వెడల్పు, నడిమి పళ్ల లెక్క సరిచూసుకోండి. వీటితో పాటు షాఫ్టులు దూరే చోటి ఆయిల్ సీళ్లు రెండు, ఫ్లైవీల్ వెనక ఇంజన్ ఆయిల్ సీలు తీసుకున్నాం. నూనె కారిన జాడ ఉంటే అది ఎవరిదో వాసన చెబుతుంది. గేర్ ఆయిల్ గంధకం కంపు కొడుతుంది, ఇంజన్ ఆయిల్ అలా ఉండదు. ఫ్లైవీల్‌ని లేత్ మీద పలచగా చెక్కించాం.

ఎక్కించేటప్పుడు కొత్త ప్లేటుకి ముందూ వెనకా ఉంటాయని మరిచిపోవద్దు. నడుమ స్ప్రింగులు ఉబ్బి ఉన్న వైపు గేర్‌బాక్స్ కేసి ఉండాలి. చాలా ప్లేట్ల మీద ఫ్లైవీల్ వైపు ఏదో అచ్చువేసి ఉంటుంది. నూనె చేతులతో దాన్ని తాకవద్దు. ఫ్లైవీల్‌ని పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. షాఫ్టు పళ్లకి గ్రీజు కంటికి కనపడీ కనపడనంత చాలు, ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటుకి అంటుతుంది. కొత్త బేరింగుని మాత్రం పెట్రోలులో కడగకండి, లోపలున్న గ్రీజు కొట్టుకుపోతుంది.

ప్రెషర్ ప్లేటు బిగించేముందు క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమధ్యన ఉండాలి. దాన్ని పట్టి ఉంచేది ఒత్తిడి ఒక్కటే కాబట్టి, బిగించాక అది కదలదు. ఒక వెంట్రుకవాసి పక్కకి ఉన్నా షాఫ్టు ఫ్లైవీల్ నడుమనున్న బేరింగులోకి దూరదు. దీనికి ప్లాస్టిక్ డమ్మీ షాఫ్టు అమ్ముతారు, కొనండి. నేను కొనలేదు, కంటితో చూసి సరిపెట్టాను. నాలుగో రోజు సాయంత్రం గేర్‌బాక్స్ ఎక్కిస్తే అర అంగుళం దగ్గర ఆగిపోయింది. ఎంత ఊపినా దూరదు. రెండు పొడుగు బోల్టులు పెట్టి బిగిస్తూ లాక్కుందామన్నాను. "మళ్లీ పలుగేనా మాస్టారూ?" అన్నాడు మేస్త్రీ. చీకటి పడుతోంది, చేతులు వణుకుతున్నాయి. దించేసి, పట్టా కప్పి, స్నానం చేసి పడుకున్నాం. ఆ రోజు తీసుకున్న నిర్ణయాల్లో అదే మంచిది.

తెల్లవారాక ఒక సాకెట్‌కి ఇన్సులేషన్ టేపు చుట్టి, ఫ్లైవీల్ రంధ్రానికీ ప్లేటు పళ్లకీ రెండింటికీ సరిపడే లావు చేశాం. దాన్ని దూర్చి ఉంచి బోల్టులు ఎదురెదురుగా, మాన్యువల్లో ఉన్న టార్కు ప్రకారం బిగించాం. గేర్‌బాక్స్ ఎత్తి, గేర్లో వేసి, డ్రైవ్ షాఫ్టు దూరే చోట పట్టి కొద్దిగా తిప్పితే పళ్లు కలిశాయి. దానంతట అదే, డ్రాయరు మూసుకున్నట్టు, లోపలికి జారింది. మిగతాదంతా ఇడ్లీ రేకుల్ని పైనుంచి కిందికి ఖాళీ చేయడమే, దాని గురించి ఎక్కువ చెప్పను. డ్రైవ్ షాఫ్టు లోపలి రింగు గాడిలో పడిందో లేదో మాత్రం కప్పుని చేత్తో లాగి చూసుకోండి. గేర్ ఆయిల్, మాన్యువల్ చెప్పిన గ్రేడే, పక్క ప్లగ్గు అంచుదాకా వచ్చి కారేవరకూ పోయాలి. బండి సమతలంగా ఉండాలి. నూనె పోయకుండా ఇంజన్ స్టార్ట్ చేసినవాళ్ల కథ మేస్త్రీ చెప్పాడు, వినడానికి బాగుంది.

ఆఖరున కేబుల్. పెడల్ మీద ఖాళీ కదలికని స్కేలు పెట్టి మాన్యువల్ కొలతకి సరిచేశాం. కొత్త ప్లేటు ఒరిపిడికి కుదురుకునేదాకా, ఓ 500 కిలోమీటర్లు, బరువు వేయకుండా, హాఫ్ క్లచ్ పెట్టకుండా మెత్తగా నడపాలి. తర్వాత ఖాళీ కదలిక ఇంకోసారి కొలవాలి.

మరుసటి వేసవిలో మళ్లీ తిరుమల వెళ్లాం. రెండో ఘాట్ రోడ్డు, అదే మలుపు. పక్కన కూర్చున్న మా ఆవిడ కాసేపు నా వంకే చూసి, "ఏమండీ, ఎడమకాలు తిమ్మిరెక్కిందా? అలా నేలమీద పెట్టేసి కూర్చున్నారేం?" అంది.